మా ఫోన్ల తాళం జోలికి రాకండి: నల్లగొండ, పాలమూరు ఎంపీలకు, రాష్ట్ర హోంశాఖకు బహిరంగ లేఖ

నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీ గార్లకు, రాష్ట్ర హోంశాఖ పెద్దలకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లా కోర్టుల ప్రాక్టీస్ చేసే వకీలును. భూమి తగాదాలు, భరణం కోసం వేసే మెయింటెనెన్స్ కేసులు, చెక్ బౌన్సులు, ఇదే నా పని, పెద్ద పెద్ద రాజ్యాంగం కేసులు నా దాకా రావు. అయినా ఈ లెటర్ రాయాల్సి వచ్చింది ఎందుకంటే, మన రాష్ట్రంల ఏడాదికి ఎన్ని ఫోన్లు వినడానికి ఆర్డర్లు ఇస్తున్నరు, పేర్లొద్దు, నంబర్లొద్దు, ఖాళీ లెక్క చెప్పండి చాలు అని ఆర్టీఐ వేసిన, ఏ ఆఫీసుకో ఇక్కడ రాయను, దేశ భద్రత అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపిన్రు. అప్పీలుకు పోతే ఆడ కూడా అదే ముక్క. వినతిపత్రం ఇస్తే రిసీవ్డ్ అని స్టాంపు పడ్డది, గంతే.

నాకు అర్థం కానిది ఏందంటే, 2013ల ఇదే దేశంల కేంద్ర హోంశాఖ ఒక ఆర్టీఐకి జవాబిచ్చింది, నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఫోన్ ట్యాపింగ్ ఆర్డర్లు ఇస్తున్నమని. అప్పుడు లెక్క చెప్తే పోని భద్రత ఇప్పుడెట్ల పోతది?

ముందు చట్టం ఏమున్నదో చెప్త, ఎందుకంటే మస్తు మంది ఇంకా ఫోన్ వినాలంటే జడ్జి పర్మిషన్ ఉండాలె అనే అనుకుంటున్నరు, కోర్టుకు వచ్చే చదువుకున్నోళ్లు కూడా. ఉండాల్సిన పని లేదు. ఇల్లు సోదా చేయాలంటే సర్చ్ వారంట్ అనేది ఒకటున్నది, మెజిస్ట్రేట్ అనేటాయన ఒకరున్నరు. ఫోన్ వినడానికి ఎవ్వరు లేరు. బ్రిటిషోడు పెట్టిన 1885 టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 5(2) కింద నడుస్తుంటే 1996ల పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసుల సుప్రీంకోర్టు కొన్ని కట్టుబాట్లు పెట్టింది, హోం సెక్రటరీ సంతకం ఉండాలె, మీద ఒక రివ్యూ కమిటీ ఉండాలె అని. 2023ల టెలికమ్యూనికేషన్స్ చట్టం తెచ్చిన్రు, 2024 డిసెంబర్‌ల దానికి కొత్త రూల్స్ ఇచ్చిన్రు, బ్రిటిష్ చట్టం పోయింది అని గొప్పగ చెప్పుకున్నరు. పోయింది పేరే. ఇప్పటికీ సంతకం పెట్టేది హోం సెక్రటరీ, ఆ సంతకం సరైందా కాదా చూసేది చీఫ్ సెక్రటరీ కూర్చునే కమిటీ, అందులో మిగతా ఇద్దరు కూడా సెక్రటరీలే. అర్జెంట్ అంటే ఐజీ ర్యాంకు ఆఫీసరే మొదలు పెట్టొచ్చు, 7 పని దినాల్ల పైనోళ్లు కన్ఫర్మ్ చేయకుంటే ఆపాలె. ఒక ఆర్డర్ 60 రోజులు, పొడిగించుకుంట పోతే 180 రోజులు. ఇంతల ఎక్కడా జడ్జి లేడు, ఎవరి ఫోన్ విన్నరో ఆ మనిషికి అయిపోయినంక కూడా చెప్పరు, చెప్పకుంటే ఆయన ఏ కోర్టుకు పోతడు, ఏమని పిటిషన్ వేస్తడు?

ఇగ ఆ రివ్యూ కమిటీ సంగతి. 2018ల డేటా రక్షణ చట్టం కోసం కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ రిపోర్టుల రాసిన్రు, కేంద్రం రివ్యూ కమిటీ రెండు నెలలకొకసారి కూర్చుంటది, ఒక్కొక్క మీటింగ్‌కు 15,000 నుంచి 18,000 ఆర్డర్లు ముందటికొస్తయి అని. పొద్దున పదింటికి కూర్చుని ఎనిమిది గంటలు లేవకుండ చూసినా ఒక్కొక్క ఫైలుకు రెండు సెకండ్లు కూడా రావు సార్. మా దగ్గర వాయిదా వేయడానికే జడ్జి గారు అంతకన్న ఎక్కువ టైం తీసుకుంటరు.

ఇంకోమాట కూడా యాదికి చేయాలె. ఈ టెలికాం బిల్లు 2023 డిసెంబర్ 20న లోక్‌సభల, 21న రాజ్యసభల పాసైంది. అప్పటికి రెండు సభల్ల కలిపి 140 మందికి పైగా ప్రతిపక్ష ఎంపీలు సస్పెన్షన్‌ల బయట ఉన్నరు. కోట్ల మంది మాటల మీద చట్టం చేస్తూ ప్రతిపక్షం బెంచీలు చానా మటుకు ఖాళీగ ఉన్న సభల చేసిన్రు, మీ పార్టీ అప్పుడు ఎటున్నా సరే ఇది మీకు గుర్తుండాలె.

చట్టం మంచిదే, వాడేటోడు మంచోడైతే చాలు అని ఎవరన్న అంటే మన రాష్ట్రం సంగతి చూడమని చెప్త. 2024 మార్చిల పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌ల కేసైంది. రాష్ట్ర పోలీసుల నిఘా విభాగం స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోల కూర్చుని రాజకీయ నాయకులవి, జర్నలిస్టులవి, వ్యాపారులవి ఫోన్లు విన్నరని, ప్రభుత్వం మారంగనే హార్డ్ డిస్కులు పగలగొట్టిన్రని ఆరోపణ. ఆ నంబర్లను మావోయిస్టులతో సంబంధం ఉన్నోళ్లవని చూపి పర్మిషన్ తీసుకున్నరని కూడా విచారణల బయటికొచ్చింది. జడ్జి ఫోన్ కూడా విన్నరని పేపర్లల్ల వస్తే హైకోర్టు తనంత తానే కేసు తీసుకున్నది. నేరం చేసిన్రా లేదా కోర్టు తేలుస్తది, నేను ముందే తీర్పు చెప్ప. కాని ఒక్కటి అడుగుత. ఈ కాగితాలన్నీ రివ్యూ కమిటీ ముందుకు పోయినయా? పోతే వాళ్లేం చూసిన్రు? పోకుంటే ఆ కమిటీ ఎందుకు? అప్పటి సర్కారును ఇప్పటి సర్కారు తిడుతది, ఇప్పటి సర్కారును రేపటి సర్కారు తిడుతది, ఆ సిస్టం మాత్రం గట్లనే ఉంటది, ఎవరొస్తే వాళ్ల చేతికి.

ఇట్ల ఉన్న దేశంల మామూలు మనిషికి మిగిలిన ఒకే ఒక్క అడ్డు ఎన్‌క్రిప్షన్. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌ల పోయే ప్రతి మెసేజ్, ఫొటో, వాయిస్, కాల్ పంపినోళ్ల ఫోన్‌లనే తాళం పడ్తది, అందుకున్నోళ్ల ఫోన్‌లనే తెరుచుకుంటది, తాళంచెవి ఆ రెండు ఫోన్లల్ల తప్ప నడుమ కంపెనీ దగ్గర కూడా ఉండదు. ఆ పద్ధతి సిగ్నల్ యాప్ వాళ్లది. ఇందుల కూడా ఎవరు ఎవరికి ఎప్పుడు మెసేజ్ చేసిన్రు అనేది దాగదు, మాట మాత్రమే దాగుతది. (చదివేటోళ్లకు ఒక మాట, మీ చాట్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌కు పోతుంటే సెట్టింగ్స్‌ల పోయి దానికి కూడా ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసుకోండి, లేకుంటే ముందటి తలుపుకు తాళమేసి ఎనుక తలుపు తెరిచిపెట్టినట్టే.)

ఆ ఒక్కదాని మీద కూడా కన్ను పడ్డది. ఐటీ చట్టం సెక్షన్ 69 కింద విప్పి ఇయ్యమన్నప్పుడు సాయం చేయకుంటే 7 ఏండ్ల దాకా జైలు. 2015 సెప్టెంబర్‌ల ఒక ముసాయిదా పాలసీ పెట్టిన్రు, మనం పంపిన మెసేజ్‌లు 90 రోజులు విప్పిన రూపంల మనమే దాచి, అడిగితే చూపియ్యాలె అని, దేశమంతా నవ్వి తిడితే వెంటనే వాపస్ తీసుకున్నరు. 2021 ఫిబ్రవరిల ఐటీ రూల్స్ తెచ్చిన్రు, అందుల రూల్ 4(2) ప్రకారం ఒక మెసేజ్ మొట్టమొదట ఎవరు పంపిన్రో కంపెనీ చెప్పగలగాలె. వినడానికి చిన్న కోరిక లెక్కనే ఉంటది. కాని రేపు ఏ మెసేజ్ గురించి అడుగుతరో ఇయ్యాల ఎవరికీ తెల్వదు కాబట్టి, అందరి అన్ని మెసేజ్‌లకు ముందే గుర్తు వేసి పెట్టుకోవాలె, అవ్వ మనవరాలికి పెట్టిన గుడ్ మార్నింగ్ పూల ఫొటోకు కూడా. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు పోయింది, ఎన్‌క్రిప్షన్ పగలగొట్టమంటే మేం దేశం వదిలి పోవాల్సి వస్తదని 2024 ఏప్రిల్‌ల వాళ్ల వకీలు కోర్టులనే చెప్పిండు. నాకు ఆ కంపెనీ మీద ప్రేమేం లేదు, అది కూడా మన డేటా మీద బతికేదే. కాని వాదన మాత్రం నిజం. ఇగ 2023 చట్టం సెక్షన్ 20ల మెసేజ్‌ను అర్థమయ్యే రూపంల అప్పజెప్పాలె అన్న మాటే పెట్టిన్రు. వాట్సాప్ లాంటివి దీని కిందికి రావని అప్పటి టెలికాం మంత్రి గారు చెప్పిన్రు, మరి 2025 నవంబర్‌ల అదే టెలికాం శాఖ మెసేజింగ్ యాప్‌లు సిమ్‌కు కట్టేసి ఉండాలె, కంప్యూటర్‌ల ఆరు గంటలకొకసారి లాగౌట్ కావాలె అని ఆర్డర్ ఇచ్చింది. రానిదానికి ఆర్డర్ ఎట్ల ఇస్తరు?

ఇవన్నీ ఢిల్లీ ముచ్చట్లు అనుకుంటరేమో, మా సైడు ఏమైతదో చెప్త.

1. నా దగ్గరికి మెయింటెనెన్స్ కేసుకు ఒకామె వచ్చింది. మొగనికి మేనమామ కొడుకు డిపార్ట్‌మెంట్‌ల ఉన్నడు. నీ కాల్ లిస్టు తీపిస్త, ఏ వకీలు దగ్గరికి పోతున్నవో చూస్త అని బెదిరిచ్చిండట. ఆమె నాకు కాల్ చేయదు. పొద్దుగూకినంక పాలు పిండనీకి కొట్టంలకు పోయి వాయిస్ పెడ్తది, గొంతు అంతా లోపలికి, నడుమ నడుమ బర్రె గొలుసు సప్పుడు ఇనొస్తది, నేను రెండు సార్లు వింటే గాని సగం మాట అర్థం కాదు. పెట్టి డిలీట్ చేస్తది. ఆయన నిజంగ తీయించగలడా? రూల్ ప్రకారం ఎస్పీ ర్యాంకు ఆఫీసర్ అడగాలె. కాని 2013ల అప్పటి రాజ్యసభ ప్రతిపక్ష నాయకుడు అరుణ్ జైట్లీ కాల్ రికార్డుల కోసమే అక్రమంగ ప్రయత్నం చేసిన కేసుల ఢిల్లీ పోలీస్ కానిస్టేబుల్ ఒకడు అరెస్టయిండు. అంత పెద్దమనిషికే దిక్కులేనప్పుడు తండా ఆడపిల్లకు ఎవరు అడ్డం ఉంటరు? కాల్ లిస్టుకే ఆమె ఇంత భయపడ్తుంటే, రేపు ఆ వాయిస్ కూడా విప్పే దారి పెడ్తమంటున్నరు మీరు.

2. 2018ల మిర్యాలగూడల ఏం జరిగిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కులాంతర పెళ్లి చేసుకున్న పిల్లగాన్ని కడుపుతో ఉన్న భార్య ముందటనే నరికి చంపిన్రు. 2025 మార్చిల మా నల్లగొండ కోర్టులనే తీర్పొచ్చింది, ఒకరికి ఉరి, మిగతావాళ్లకు యావజ్జీవం. అట్లాంటి జంటలు ఇంకా వస్తనే ఉన్నరు. ఎక్కడున్నరు, ఏ దోస్తు రూమ్‌ల ఉన్నరు, ఎప్పుడు రిజిస్టర్ ఆఫీసుకు వస్తున్నరు, అంతా మెసేజ్‌లల్లనే నడుస్తది. పైసలున్న తండ్రి, పరిచయం ఉన్న ఆఫీసర్, ఈ రెండూ కలిస్తే ఆ మెసేజ్ బయటికి రావడానికి ఎంతసేపు? ఈడ ప్రైవసీ అంటే ప్రాణమే.

3. వకీలుకు క్లయింట్ చెప్పింది బయటపెట్టరాదని భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132ల ఉన్నది. బాగనే ఉన్నది. కాని నడుమల ఎవరో విని, కోర్టుల చూపియ్యకుండ, అవతలి పార్టీకి చెవిల వేస్తే ఆ సెక్షన్ ఏం చేస్తది? కేసు ఓడిపోయినోనికి ఎందుకు ఓడిపోయిండో కూడా తెల్వదు.

4. పాలమూరు నుంచి ముంబై, పుణె పోయిన కూలీలు, దుబాయ్ పోయినోళ్లు. ఆధార్ ఫొటో, బ్యాంక్ పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటికి పంపిన పైసల స్క్రీన్‌షాట్, అన్నీ వాట్సాప్‌లనే పెడ్తరు, వాళ్లకు లాకర్ అదే.

5. మండలం రిపోర్టర్లు, అంటే స్ట్రింగర్లు. జీతం ఉండదు, ఇన్సూరెన్స్ ఉండదు. మూసీల రాత్రి ఎవరి ట్రాక్టర్లు ఇసుక తీస్తున్నయో, గుట్టను ఎవరు కొడ్తున్నరో వాళ్లకు చెప్పేది ఊర్లె ఒక చిన్న ఉద్యోగో, ఒక డ్రైవరో. చెప్పినోడి పేరు బయటపడ్తదంటే రేపటి నుంచి ఎవ్వడు చెప్పడు. ఫస్ట్ ఎవరు పంపిన్రో చూపియ్యాలె అన్న రూలు సరిగ్గా ఆ మనిషి మెడకే చుట్టుకుంటది.

6. గద్వాల, పుట్టపాక, పోచంపల్లి నేతగాళ్లు కొత్త డిజైన్ మార్కెట్‌కు రాకముందే మాస్టర్ వీవర్‌కు ఫోన్‌లనే పంపుతరు. యూపీఐ కూడా నడిచేది ఎన్‌క్రిప్షన్ లెక్కల మీదనే, ఆ సంగతి ఒక్కసారి ఏ బ్యాంక్ మేనేజర్‌ను అడిగినా చెప్తడు.

7. మంచోళ్లకు మాత్రమే తెరుచుకునే దొడ్డిదారి అంటూ ఏదీ లేదు. గ్రీస్‌ల 2004, 2005ల మధ్య సర్కారు వినడానికని టెలిఫోన్ ఎక్స్చేంజీల పెట్టిన ఏర్పాటునే ఎవరో వాడుకుని ప్రధానమంత్రితో సహా 100 మందికి పైగా ఫోన్లు విన్నరు. అమెరికాల 2024ల చైనా హ్యాకర్లు, సాల్ట్ టైఫూన్ అంటరు వాళ్లను, టెలికాం కంపెనీల్ల దూరిన్రు, కోర్టు ఆర్డర్ మీద ట్యాప్ చేయడానికి పెట్టుకున్న సిస్టంల దాకా పోయిన్రు. ఆఖరుకు ఆ దేశం ఎఫ్‌బీఐనే జనాలకు ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడుకోండి అని చెప్పాల్సి వచ్చింది. ఏండ్ల తరబడి ఎన్‌క్రిప్షన్ వద్దని కొట్లాడిందే ఆ ఎఫ్‌బీఐ.

పోలీసోళ్ల మాట కూడా నేను కొట్టేయ. కోర్టుల రోజూ వాళ్లతోనే పని, సైబర్ మోసాలు, డిజిటల్ అరెస్టులు ఎంత మంది పెద్దమనుషుల పింఛను పైసలు ఊడ్చినయో నాకు తెలుసు. కాని నేను చూసిన ఛార్జిషీట్లల్ల నేరం దొరికింది బ్యాంక్ ఖాతాతో, సిమ్‌తో, టవర్ లొకేషన్‌తో, లేకుంటే పంచనామా చేసి పట్టుకున్న ఫోన్‌ల ఉన్న స్క్రీన్‌షాట్లతో. పట్టుకున్న ఫోన్‌ల మెసేజ్ విప్పే ఉంటది కదా.

ఈ ఫస్ట్ ఎవరు పంపిన్రు అన్న రూలుకు మూలం 2018ల పిల్లలనెత్తుకపోయే ముఠాల పుకార్లు. అప్పుడు దేశంల చానా చోట్ల అమాయకులను కొట్టి చంపిన్రు. మరి మా జోగులాంబ గద్వాలల అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఏం చేసిన్రు? ఏ కంపెనీని తాళంచెవి అడగలే. కానిస్టేబుళ్లను ఊర్లకు పంపి, జానపద కళాకారులతో పాటలు పాడిచ్చి, డప్పు కొట్టి, వచ్చిన మెసేజ్ నమ్మే ముందు మాకు ఫోన్ చేయండి అని 400కు పైగా ఊర్లల్ల చెప్పిచ్చిన్రు. ఆ ఊర్లల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు, విదేశాల పేపర్లు కూడా రాసినయి. మన దగ్గర పుట్టిన ఉపాయం ఉండంగ ఢిల్లీకి అది కనపడకపోవుడు నాకు కోపం తెప్పిస్తది.

దానికి ఉల్టా కూడా చూసినం. 2021 అక్టోబర్‌ల హైదరాబాద్‌ల పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపి, పోరగాండ్ల ఫోన్లు గుంజుకుని, వాట్సాప్‌ల గంజాయి అని టైప్ చేసి వెతికిన వీడియోలు అందరు చూసిన్రు. ఏ సెక్షన్ కింద అని అడిగినోడు లేడు. ఎంత మంచి ఎన్‌క్రిప్షన్ అయినా లాఠీ పట్టుకుని లాక్ తీయ్ అంటే ఆగదు, అందుకనే యాప్ ఒక్కటే చాలదు, చట్టం కూడా మనదిక్కు ఉండాలె.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుల తొమ్మిది మంది జడ్జీలు ఒక్క గొంతుతో ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నరు. అంతకన్న ముందే 2004ల మన ఉమ్మడి రాష్ట్రం స్టాంపు చట్టానికి చేసిన సవరణను సుప్రీంకోర్టు కొట్టేసింది, కలెక్టర్ పంపిన ఏ మనిషైనా బ్యాంకులకు పోయి జనాల కాగితాలు చూడొచ్చంటే కుదరదు అని. కెనరా బ్యాంక్ కేసు అంటం మేం. 2025 జులైల మద్రాస్ హైకోర్టు ఇంకా స్పష్టంగ చెప్పింది, ఏదో నేరం పట్టుకోవాలె అన్న ఒక్క సాకుతో ఫోన్ ట్యాప్ చేయరాదు, పబ్లిక్ ఎమర్జెన్సీ, ప్రజా భద్రత అని చట్టంల ఉన్న మాటలకు అర్థం ఉన్నది అని. కోర్టులు చెప్తనే ఉన్నయి, రాయాల్సింది మీరు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి. ఎంపీ గార్లు, ఫోన్ వినాలంటే ముందు జడ్జి ఆర్డర్ ఉండాలె, అర్జెంట్ అయితే మొదలుపెట్టి 48 గంటల్ల జడ్జి ముందట పెట్టాలె అని 2023 చట్టానికి సవరణ అడగండి. విన్నంక విచారణకు అడ్డం లేనప్పుడు ఆ మనిషికి చెప్పాలె. 2021 రూల్ 4(2) తీసేయాలె, సెక్షన్ 20ల అర్థమయ్యే రూపంల అన్న మాట ఎన్‌క్రిప్షన్ పగలగొట్టమని కాదు అని రాతల రావాలె. డేటా ప్రొటెక్షన్ చట్టం సెక్షన్ 17(2)ల సర్కారు తనకు ఇష్టమైన సంస్థకు ఇచ్చుకునే మినహాయింపు పోవాలె, ప్రైవేటోనికి ఒక చట్టం, సర్కారుకు ఖాళీ చెక్కు అంటే కుదరదు.

హోంశాఖ పెద్దలకు మీ చేతిల ఉన్నవే అడుగుతున్న, పార్లమెంటు దాకా పోవాల్సిన పని లేదు. ఏడాదికి ఎన్ని ఆర్డర్లు ఇచ్చిన్రు, రివ్యూ కమిటీ ఎన్ని సార్లు కూర్చున్నది, ఎన్ని కొట్టేసింది, ఈ మూడు అంకెలు వెబ్‌సైట్‌ల పెట్టండి. రోడ్డు మీద కాగితం లేకుండ ఫోన్ తీసుకోవద్దని ప్రతి స్టేషన్‌కు సర్క్యులర్ ఇయ్యండి, తెలుగుల ఇయ్యండి, గోడకు అంటించేటట్టు. కాల్ డేటా ఎవరు అడిగిన్రు, ఏ కేసు నంబర్ మీద అడిగిన్రు అన్న రిజిస్టర్ జిల్లా జడ్జి ఎప్పుడంటే అప్పుడు చూసేటట్టు ఉండాలె, అప్పుడు మేనమామ కొడుకులకు జర భయం ఉంటది.

లోక్‌సభల వేయడానికి ప్రశ్న నేనే రాసి పెట్టిన, ఒక్క పేజీ, నలుగురి ఆఫీసులకు ఈ లెటర్‌తో పాటు రిజిస్టర్ పోస్టుల వస్తది. మీ సంతకం పెట్టి వేస్తే చాలు. వేయడం ఇష్టం లేకుంటే ఎందుకు ఇష్టం లేదో రెండు లైన్లు రాసి పంపండి, హైకోర్టుల వేసే పిటిషన్‌కు దాన్ని కూడా జత చేసుకుంట.

ఇట్లు,
నల్లగొండ జిల్లా కోర్టుల ఒక వకీలు